‘నొప్పింపక తా నొవ్వక’: రెండు నొప్పులూ ఒకటేనా?

మొదటి పోస్టు

ఎప్పటి కెయ్యది ప్రస్తుత
మప్పటి కా మాటలాడి యన్యుల మనముల్
నొప్పింపక తా నొవ్వక
తప్పించుక తిరుగువాడు ధన్యుడు సుమతీ!

పద్యం అందరికీ వచ్చినదే. నా సందేహం తాత్పర్యం గురించి కాదు. ‘నొప్పింపక’, ‘నొవ్వక’ రెండూ ‘నొచ్చు’ నుంచి వచ్చినవే కదా. ఒంటికైనా మనసుకైనా ధాతువు ఒకటే. ఈమధ్య మెదడు స్కాన్‌ల మీద ఒక వ్యాసం చదివాను. దెబ్బ తగిలినా, నలుగురూ వెలివేసినా, ఎదుటివాళ్ళు బాధపడుతుంటే చూసినా మెదడులో ఒకే చోట కదలిక కనిపిస్తుందట. అయితే ఈ సంగతి మన భాష ముందే పట్టేసిందనుకోవచ్చా?

వ్యాఖ్య

ధాతువు ఒకటే గానీ వాడుక ఒకటి కాదండీ. తెలంగాణలో ‘కాలు నొస్తుంది’ అంటారు, మిగతాచోట్ల ‘నొప్పెడుతోంది’ అంటారు. మనసు దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘కొను’ వచ్చి చేరుతుంది: ‘ఆ మాటకి నొచ్చుకున్నాడు’. ‘కాలు నొచ్చుకుంది’ అని ఎవరూ అనరు. ‘నొప్పించు’ కూడా అంతే. ‘ఆయన్ని నొప్పించాను’ అంటే మాటతోనో చేతతోనో మనసు కష్టపెట్టానని. కర్రతో కొట్టానని కాదు. పద్యంలోనూ ‘అన్యుల మనముల్’ అని విడిగా చెప్పాల్సి వచ్చింది చూడండి. అన్నట్టు కన్నడ ‘నోవు’, తమిళ ‘నోయ్’ దీని చుట్టాలే. తమిళంలో నోయ్ అంటే ఏకంగా జబ్బు.

వ్యాఖ్య

స్కాన్‌ల సంగతి నేను చెప్తాను, చదివింది అదే కాబట్టి.

మీరు చదివిన వ్యాసంలో చెప్పింది బహుశా 2004లో లండన్‌లో తానియా సింగర్ బృందం చేసిన ప్రయోగం గురించి అయి ఉంటుంది. పదహారు జంటలు. జంటలో ఆవిడ స్కానర్‌లో పడుకుంటుంది, ఆయన పక్కనే కూర్చుంటాడు. ఇద్దరి చేతులకూ చిన్న కరెంటు షాకిచ్చే ఎలక్ట్రోడ్లు. ఇప్పుడు షాక్ ఎవరికో తెర మీద గుర్తు చెబుతుంది. ఆయన మొహం ఆవిడకు కనపడదు, గుర్తొక్కటే ఆధారం. షాక్ తనకైనా ఆయనకైనా ఆవిడ మెదడులో ఇన్సులా అనే చోటి ముందు భాగం, యాంటీరియర్ సింగ్యులేట్ అనే మరో చోటు రెండూ స్పందించాయి. నొప్పి ఎక్కడ, ఎంత అని లెక్కకట్టే స్పర్శ భాగాలు మాత్రం తనకు తగిలినప్పుడే. అంటే నొప్పిలోని ‘బాధ’ పంచుకున్నారు, ‘పోటు’ పంచుకోలేదు. అంతకు ముందు ఏడాది, 2003లో, నవోమీ ఐసెన్‌బెర్గర్ వాళ్ళు కంప్యూటర్‌లో బంతాట ఆడించి, మధ్యలో ఒకరికి బంతి ఇవ్వడం మానేశారు. అప్పుడూ సింగ్యులేట్‌లోనే కదలిక కనిపించింది. పత్రికలు ‘మనసు గాయమూ గాయమే’ అని రాసింది వీటిని చూసే.

ఇక్కడే జాగ్రత్త కావాలి. ఎఫ్‌ఎంఆర్‌ఐ, అంటే ఈ మెదడు స్కాన్, నొప్పిని చూడదు. రక్తంలో ఆక్సిజన్ మార్పుని చూస్తుంది. బొమ్మలో ఒక్కో గడిలో లక్షల నాడీకణాలు ఉంటాయి. ఒకే వీధిలో దీపాలు వెలిగాయని రెండూ ఒకే ఇల్లు అనలేం కదా. పైగా ఇన్సులా, సింగ్యులేట్ నొప్పికే కట్టుబడినవి కావు. ఆశ్చర్యానికీ, అసహ్యానికీ, కష్టమైన లెక్క చేస్తున్నప్పుడూ పలుకుతాయి. తర్వాత టోర్ వేగర్ బృందం చోటుని కాకుండా, అక్కడి హెచ్చుతగ్గుల నమూనాని కంప్యూటర్‌తో పోల్చి చూసింది. 2013లో ఒంటి నొప్పికి ఒక నమూనా దొరికింది. 2014లో ప్రేమ విఫలమైనవాళ్ళ మీద చూస్తే, తిరస్కారం నమూనా వేరుగా వచ్చింది. 2016లో ఇతరుల చేతికో కాలికో దెబ్బ తగులుతున్న ఫొటోలు చూపిస్తే ఆ నమూనా మరొకటి. ఎదుటివాళ్ళ మనసు ఊహించేటప్పుడు వాడే భాగాలు అందులో ముఖ్యం. కాబట్టి భాష ముందే పట్టేసిందంటే నేను ఒప్పుకోను. పట్టిందంటారా, పై వ్యాఖ్యలో చెప్పిన ఆ ‘కొను’ దగ్గర పట్టింది.

వ్యాఖ్య

భలే. ఇంకో ఆధారం చూడండి. నాకు తగిలితే ‘అబ్బా’, పక్కవాడికి తగిలితే ‘అయ్యో’. రెండు నొప్పులకీ రెండు మాటలు ఉండనే ఉన్నాయి!

వ్యాఖ్య

అంత తేలిక కాదు. పక్కవాడి వేలు తలుపు సందులో పడితే నేను ‘అబ్బా’ అనే అంటాను, చెయ్యి కూడా వెనక్కి లాక్కుంటాను. ఇది నొప్పి పంచుకోవడం కాకపోతే మరేమిటి?

వ్యాఖ్య (స్కాన్‌ల సంగతి రాసినవారు)

మీ పక్షానా సాక్ష్యం ఉంది. వియన్నాలో 2015లో కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, మంచి నొప్పి మాత్ర అని నమ్మించారు. వాళ్ళకి తమ నొప్పి తగ్గింది, ఎదుటివాళ్ళ నొప్పి మీద స్పందనా తగ్గింది. ఒంట్లో సహజంగా తయారయ్యే నొప్పి నివారకాల పనిని మందుతో అడ్డుకుంటే ఆ రెండో ప్రభావం పోయింది. పూర్తిగా వేరువేరు వ్యవస్థలైతే ఇలా జరగకూడదు. కాబట్టి వాదం ముగియలేదు.

వ్యాఖ్య

‘అబ్బా’ అనేది కంటి ముందు జరిగే దెబ్బకే కదా? ఫలానా వాళ్ళ ఉద్యోగం పోయిందని ఫోన్‌లో వింటే ‘అబ్బా’ అనం. అక్కడ ‘అయ్యో’ ఒక్కటే.

వ్యాఖ్య (స్కాన్‌ల సంగతి రాసినవారు)

ఇది బాగుంది. 2011లో ముప్పై రెండు ప్రయోగాలు కలిపి చూసిన సమీక్షలో దాదాపు ఇదే తేడా కనపడింది. గాయం ఫొటో చూపిస్తే స్పర్శకీ, కదలికకీ సంబంధించిన భాగాలు ఎక్కువ పలికాయి. గుర్తు మాత్రం చూపించి ‘ఇప్పుడు అతనికి నొప్పి’ అని చెప్తే, ఎదుటివాళ్ళ మనసు ఊహించే భాగాలు పలికాయి. ఇన్సులా, సింగ్యులేట్ రెండు చోట్లా ఉన్నాయి. అబ్బా, అయ్యో అని పేర్లు పెట్టుకుంటే ఇది పోలికే అవుతుంది గానీ రుజువు కాదు. అయినా క్లాసులో చెప్పడానికి నేను తీసుకుంటున్నాను.