ట్రెడిషనల్ 401(కె)నా, రాత్ 401(కె)నా?

పాలమూరు_పాఠకుడు: నాకు 38 ఏళ్లు. న్యూజెర్సీలో హెచ్-1బి మీద పనిచేస్తున్నాను, గ్రీన్ కార్డు ఎప్పుడొస్తుందో తెలియదు. మా దంపతుల ఆదాయం 22 శాతం శ్లాబులో ఉంది. కంపెనీ ద్వారా జీతంలోంచి జమయ్యే రిటైర్మెంట్ ఖాతా 401(కె)లో ఇంతవరకు ట్రెడిషనల్‌లోనే (ఇప్పుడు పన్ను లేదు, తీసేటప్పుడు ఉంటుంది) వేస్తూ వచ్చాను, కంపెనీ ఇప్పుడు రాత్ (ఇప్పుడే పన్ను, అర్హత ప్రకారం తీసేటప్పుడు ఉండదు) కూడా ఇస్తోంది. మారడం మంచిదేనా?

గణితం_ఎమ్మెస్సీ: లెక్క ఒక్కటే. 10,000 డాలర్లు ట్రెడిషనల్‌లో వేసి, అది నాలుగింతలయ్యాక 22 శాతం పన్ను కడితే చేతికి 31,200 వస్తుంది. అదే 10,000కు ఇప్పుడే పన్ను కట్టి, మిగిలిన 7,800 రాత్‌లో వేసినా నాలుగింతలై 31,200 అవుతుంది. రిటైరయ్యాక మీ రేటు తగ్గేట్టుంటే ట్రెడిషనల్, పెరిగేట్టుంటే రాత్.

టెక్సస్_తెలుగు: పరిమితి సంగతి మీరు వదిలేశారు. 2025లో ఉద్యోగి వేయగల గరిష్ఠ మొత్తం, ఎందులో వేసినా, రెండూ కలిపి 23,500 డాలర్లే. దాన్ని పూర్తిగా నింపేవారికి రాత్‌లో ఉన్నదంతా తమదే, ట్రెడిషనల్‌లో మాత్రం కొంత ప్రభుత్వ వాటా. పైగా ట్రెడిషనల్‌లో 73 ఏళ్లు (1960లో, ఆ తర్వాత పుట్టినవారికి 75) నిండాక ఏటా కొంత తీసి తీరాలి, రాత్ 401(కె)కు ఆ నిబంధనను 2024 నుంచి ఎత్తేశారు.

గణితం_ఎమ్మెస్సీ: గరిష్ఠంగా నింపుతున్నానని ఆయన చెప్పలేదు. తేల్చాల్సింది రేటు.

టెక్సస్_తెలుగు: పాతికేళ్ల తర్వాతి రేటు మీకెలా తెలుసు? 2017 నాటి తగ్గింపు రేట్లు 2025తో ముగుస్తాయని ఏళ్ల తరబడి లెక్కలు వేసుకున్నాం, ఆ ఏడాదే కొత్త చట్టం వాటిని కొనసాగించింది. తెలియని రేటును నమ్ముకోవడం కంటే, తెలిసిన పన్ను కట్టేసి నిశ్చింతగా ఉండడం నయం.

సీతాఫలం: ఏది ఎంచుకున్నా మన జమకు తోడుగా కంపెనీ వేసే మ్యాచింగ్ మాత్రం వదులుకోకండి.

బెజవాడ_తిరుగుటపా: నేను రెండు ఖాతాలతో ఇండియాకు తిరిగొచ్చినవాణ్ని. రాత్ సొమ్ముకు ఇక్కడా పన్ను ఉండదని ఒక పన్ను సలహాదారు నోటిమాటగా చెప్పారు, అదే కాగితం మీద రాసివ్వమంటే ముఖం చాటేశారు. తర్వాత చట్టం నేనే చదివాను. అమెరికా, బ్రిటన్, కెనడాల రిటైర్మెంట్ ఖాతాల కోసం 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 2021లో 89ఎ సెక్షన్ చేర్చారు. నిర్ణీత ఫామ్ దాఖలు చేస్తే ఏటా పెరిగే లాభంపై కాకుండా, సొమ్ము తీసుకున్నప్పుడే పన్ను పడుతుంది. అయితే ఆ వెసులుబాటు, ‘తీసుకునేటప్పుడు ఆ దేశం పన్ను వేసే ఖాతా’కే. రాత్‌లో అర్హత ప్రకారం తీసిన సొమ్ముపై అమెరికా పన్నే వేయదు కదా, మరి అది ఆ నిర్వచనంలోకి వస్తుందా? చట్టంలో విడమరిచి లేదు.

టెక్సస్_తెలుగు: మీరు వెళ్లిపోయారు కనుక అందరూ వెళ్తారనుకోవడం తగదు. మా పిల్లలు ఇక్కడే పుట్టారు, ఇక్కడే చదువుతున్నారు. ఇండియా చట్టం చూపించి రాత్ వద్దనడం మాలాంటి కుటుంబాలకు నష్టం.

బెజవాడ_తిరుగుటపా: అందరూ అని నేననలేదు. అడిగినవారు గ్రీన్ కార్డు లేదని మొదట్లోనే రాశారు, మీరు దాన్ని పట్టించుకోలేదు. మా అమ్మ పక్షవాతంతో మంచాన పడితే మేం ఉన్నపళంగా బయలుదేరాల్సి వచ్చింది. ఆ రోజు రాత్ లాభాలను పన్ను లేకుండా తీసుకోవడానికి నాకు 59½ ఏళ్లూ నిండలేదు, ఖాతాకు ఐదేళ్లూ నిండలేదు. ఉంటామో వెళ్తామో మన చేతిలో లేనప్పుడు నిశ్చింత అనే మాట ఎలా వాడతారు?

టెక్సస్_తెలుగు: అమ్మగారి విషయం బాధాకరం. కానీ అమెరికా వదిలి వెళ్లి నాన్ రెసిడెంట్‌గా సొమ్ము తీసేవారికి స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. దంపతులకు 2025లో అది 31,500 డాలర్లు. ట్రెడిషనల్‌కు ఆ నష్టం ఉందని కూడా చెప్పండి.

గణితం_ఎమ్మెస్సీ: అయితే మీరిద్దరూ వాదిస్తున్నది ఏ దేశంలో ముసలివాళ్లమవుతామన్న దాని గురించి. అది ఆయనే చెప్పాలి.

పాలమూరు_పాఠకుడు: మా ఇంట్లోనూ అదే తగువు. నేను వెళ్దామంటాను, ఆవిడ ఉందామంటుంది. అది తేలేవరకు నా జమ ట్రెడిషనల్‌లోనే ఉంచి, ఆవిడ కంపెనీలో రాత్ తీసుకుంటాం. బెజవాడ గారూ, తిరిగొచ్చాక మొదటి రెండేళ్లు ఆర్‌ఎన్‌ఓఆర్ (రెసిడెంట్ అయినా ‘ఆర్డినరీ’ కాని) పన్ను హోదా ఉంటుందంటారు, అప్పుడే రాత్ సొమ్ము తీసేస్తే?

బెజవాడ_తిరుగుటపా: ఆ హోదా ఉన్నన్నాళ్లు అక్కడి ఖాతాలో వచ్చిన లాభంపై ఇక్కడ పన్ను పడదు. కానీ 59½ నిండకుండా తీస్తే ఆ లాభంపై అమెరికా పన్నూ, పైన 10 శాతం జరిమానా పడతాయి. మీ ఇద్దరి వయసు చూసి నిర్ణయించుకోండి.