అప్‌డేట్: గడ్డకట్టిన ఎర సంగతి

పోయిన నెల అడిగాను కదా, మిన్నెసోటాలో మా కోళ్ల షెడ్డు దగ్గర లైసెన్స్ తీసుకుని ట్రాప్ పెడితే ఎర్ర నక్క ఎర వైపే రావట్లేదని. తప్పు నాదే. తాజా చికెన్ పెట్టాను, మైనస్ 20లో అది రాయిలా బిగుసుకుపోయాక ఇక వాసన ఎక్కడిది! ఈసారి పక్కింటాయన ఇచ్చిన బీవర్ (నీళ్లలో తిరిగే పెద్ద ఎలుక జాతి జంతువు) మాంసం ముక్కలు కోసి, జాడీ మూత వదులుగా పెట్టి కొన్నాళ్లు మాగనిచ్చి, మరీ కుళ్లకముందే, అక్కడితో ఆగేలా సోడియం బెంజోయేట్ (నిల్వ ఉంచే పొడి) కలిపాను, గడ్డకట్టకుండా గ్లిజరిన్, పైన కాస్త చేప నూనె. కంపు మామూలుగా లేదు, మా ఆవిడ జాడీని గరాజ్‌లోంచి కూడా గెంటేసింది. స్కంక్ ఎసెన్స్ (స్కంక్ అనే జంతువు చిమ్మే ఘాటు కంపు ద్రవం) వాడమన్న అన్నకి థాంక్స్, ఒక్క చుక్కే వేశా, అదే ఎక్కువైంది. మూడో రాత్రికి నక్క పడింది. రెండోది ఇంకా తిరుగుతోంది, ట్రాప్ రోజూ వెళ్లి చూస్తున్నా.