నాన్నకి అబ్లేషన్ అయి 5 వారాలు, రక్తం పల్చబడే మందు ఆపేయొచ్చా?

శ్రీను_తెనాలి:
నాన్నకి 71, బీపీ షుగర్ రెండూ ఉన్నాయి. గుండె లయ తప్పుతోందని, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని చెప్పి, 5 వారాల కింద గజ్జల దగ్గర రక్తనాళంలోంచి గుండెలోకి తీగ పంపి, లయ చెడగొట్టే చోట కాల్చే అబ్లేషన్ చేశారు. అక్కడ కమిలిన మచ్చ ఊదా రంగు నుంచి పసుపుకి తిరిగింది, నడుస్తున్నారు, ఈసీజీ నార్మల్. కానీ పోయిన వారం రెండు రాత్రులు మళ్ళీ దడ, ఓ అరగంట. రక్తం పల్చబడే మందు ఎపిక్సాబాన్ 5 ఎంజీ రెండు పూటలా వేస్తున్నా. పళ్ళు తోమితే చాలు బ్రష్ ఎర్రగా అయిపోతోంది. "ఆపరేషన్ అయిపోయిందిగా, ఇంకా ఈ మాత్రెందుకురా" అంటున్నారు. ఆపితే ఏమవుద్ది?

రమణమూర్తి_విశాఖ:
ఆపొద్దు బాబూ. నాకు 2021లో ఇదే చేశారు. మొదటి రెండు మూడు నెలలు దడ రావడం మామూలే, కాల్చిన చోట వాపు తగ్గి మచ్చ కట్టాలి కదా, అందుకే ఆ టైంలో దడ వచ్చినంత మాత్రాన ఫెయిలయిందని డాక్టర్లు అనరు. మందు సంగతి వేరు. కాల్చిన లోపలి పొర ఇంకా పచ్చిగా ఉంటుంది, పైగా గుండె ఎడమ పై గదికి చిన్న సంచిలాంటిది ఉంటుంది, అందులో రక్తం నిలిచి గడ్డ కట్టి మెదడుకి పోతే పక్షవాతమే. మూడు నెలలైతే వెయ్యాల్సిందే. ఆ తర్వాత కూడా లయ చూసి కాదు, మనిషిని చూసి చెప్తారు. పక్షవాతం ముప్పుకి మార్కులేస్తారు: వయసు 65 దాటితే ఒక మార్కు, బీపీకి ఒకటి, షుగర్‌కి ఒకటి. మీ నాన్నగారికి అప్పుడే మూడు. నేను వార్ఫరిన్ అని రక్తం పల్చబడే ఇంకో మందు మీద ఉండేవాణ్ణి కాబట్టి ఆకుకూరలు కూడా లెక్కగా తినేవాణ్ణి.

లక్ష్మి_కాకినాడ:
గుండె సరిగ్గా కొట్టుకుంటుంటే ఇంకా గడ్డ ఎక్కడిదండీ? మా అమ్మకి వార్ఫరిన్ రాసిచ్చి పంపేశారు. రక్తం ఎంత పల్చబడిందో చూపే ఐఎన్ఆర్ పరీక్షలో 2 నుంచి 3 మధ్య ఉండాలంట, బాత్రూంలో జారి తల తగిలిన రోజు చూస్తే 7. మూడో రోజు పోయింది. మోకాళ్ళకని మెడికల్ షాపు మాత్రలు కూడా వేసుకునేది, అడిగిన డాక్టర్ లేడు.

చంటి_రాజోలు:
ఆకుకూరలు మానాలా? మా ఇంట్లో గోంగూర లేకపోతే ముద్ద దిగదు.

రమణమూర్తి_విశాఖ:
మానక్కర్లేదు, వార్ఫరిన్ వాళ్ళు వారం వారం ఒకే లెక్కలో తినాలి అంతే. ఎపిక్సాబాన్‌కి ఆ బాధ లేదు.

లక్ష్మి_కాకినాడ:
మా అమ్మకి గోంగూర అసలు పెట్టనేలేదు. పూర్తిగా మాన్పించా.

రమణమూర్తి_విశాఖ:
పూర్తిగా మానడమే తప్పు మేడమ్. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, అది ఒక్కసారిగా తగ్గితే రక్తం మరీ పల్చబడిపోతుంది.

చంటి_రాజోలు:
తోటకూర కూడా అంతేనా?

లక్ష్మి_కాకినాడ:
అంటే మా అమ్మకి తిండి పెట్టడం రాక నేనే చంపుకున్నాననా మీరనేది?

కిరణ్_డల్లాస్:
అక్కా ఆయన ఆ మాట అనలేదు. మీ ఇంట్లో అలా జరిగిందని ఇంకొకరిని మందు ఆపుకోమంటే ఎలా?

లక్ష్మి_కాకినాడ:
డల్లాస్‌లో కూర్చుని చెప్పడం తేలికే తమ్ముడూ. మా అన్నయ్యా అక్కడి నుంచే ఫోన్లో ఆపొద్దు ఆపొద్దు అనేవాడు. రాత్రి రెండింటికి అమ్మని అంబులెన్స్ ఎక్కించింది నేను. ఆ దిండు గలీబు ఉతికింది నేను.

కిరణ్_డల్లాస్:
నేను ఆపమనే చెప్పానక్కా. నాన్నకి ముక్కులోంచి రక్తం వస్తోందంటే, ఈసీజీ బాగుంది కదా రెండ్రోజులు ఆపి చూడమన్నా. రెండ్రోజులు కాస్తా నెలయింది. వీడియో కాల్‌లో కుడి చేత్తో కాఫీ గ్లాసు ఎత్తబోయారు, జారిపోయింది, మాట ముద్దగా వచ్చింది, అమ్మ పక్కనుండి ఇంకా నవ్వుతూనే ఉంది, ఏమయిందో నాకు ముందు అర్థమైంది. ఇప్పటికీ ఎడమ చేత్తోనే అన్నం తింటారు.

నర్సమ్మ_వరంగల్:
ఒక్క మాట చెప్పిపోత. అబ్లేషన్ అయిన రెండు నెలల లోపల జ్వరం వచ్చినా, మింగుతుంటే నొప్పి పుట్టినా గొంతులకెళ్ళి గొట్టం వేసి చూసే ఎండోస్కోపీకి పోవద్దు, అబ్లేషన్ చేసిన చోటికే ఉరకాలె. శానా అరుదు గానీ ప్రాణం మీదికొస్తది.

రమణమూర్తి_విశాఖ:
మేడమ్, క్షమించండి, ఆ గోంగూర మాట నేను అలా అనకుండా ఉండాల్సింది. కానీ ఐఎన్ఆర్ చూడకపోవడం తప్పు, నొప్పి మాత్రల గురించి అడక్కపోవడం తప్పు. దాన్ని బట్టి శ్రీనుని మందు ఆపమనకండి.

లక్ష్మి_కాకినాడ:
ఆపమని కాదండీ నా బాధ. రాసిచ్చినవాళ్ళు రక్తం కనిపిస్తే ఏం చెయ్యాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పలేదు, అడిగితే విసుక్కున్నారు. శ్రీనూ, ఆ బ్రష్ సంగతి డాక్టర్‌కి చెప్పావా నువ్వు?

శ్రీను_తెనాలి:
లేదక్కా, తిడతారేమోనని. ఇవాళ చేశా ఫోను. ముందు అడిగిందే, వేరే నొప్పి మాత్రలేమైనా వేస్తున్నారా అని. లేదన్నా. ఎందుకో మీ మాట గుర్తొచ్చి నాన్న దిండెత్తి చూస్తే డైక్లోఫెనాక్ నొప్పి మాత్రల షీటు, నాలుగు అయిపోయినయ్యి. నడుంనొప్పని ఆయనే తెచ్చుకున్నారు. మళ్ళీ ఫోన్ చేసి చెప్తే అది వెంటనే ఆపించారు, మెత్తటి బ్రష్ వాడమన్నారు, మలం నల్లగా వస్తే రాత్రయినా సరే తీసుకొచ్చేయమన్నారు. రేపు రక్తపరీక్ష, దడ కోసం హోల్టర్, అదే రోజంతా గుండె లయ రాసుకునే చిన్న మిషను, పెడతారంట. రాత్రి ఎపిక్సాబాన్ ఇప్పుడే వేశా.