ఐస్‌లాండ్ రింగ్ రోడ్డు: సెప్టెంబర్ చివర్లో ఆక్సి కనుమ దాటొచ్చా?

సెప్టెంబర్ చివర్లో మామూలు టూ-వీల్ డ్రైవ్ కారులో ఐస్‌లాండ్ చుట్టాలనుకుంటున్నామండీ. ఎఫ్ రోడ్లకు (కొండ ప్రాంతాల్లోని కచ్చా రోడ్లు) ఫోర్-వీల్ డ్రైవ్ తప్పనిసరి కాబట్టి వాటి జోలికి పోం.

హోఫ్న్ ఊరి నుంచి ఎగిల్స్‌స్టాదిర్ ఊరికి 939 నంబరు రోడ్డులో ఆక్సి కనుమ మీదుగా వెళ్తే దాదాపు 70 కి.మీ. కలిసొస్తుంది. కానీ అది బాగా ఏటవాలుగా ఉన్న కంకర రోడ్డు. పొగమంచు పట్టిందంటే అంచు కనపడదు. సెప్టెంబర్ చివర్లో వెళ్లినవాళ్లు చెప్పండి, దూరమైనా తీరం వెంట ఒకటో నంబరు రోడ్డే (రింగ్ రోడ్డే) నయమా?

ఇంకోటి, ఇన్సూరెన్స్. గాలికి విరిగిన తలుపు, ఇసుక కొట్టి చెడిన పెయింటు మామూలు పాలసీలో సాధారణంగా రావు. దక్షిణ తీరంలో విక్ ఊరు దాటాక నల్ల ఇసుక మైదానాలే కదా, ఇసుక-బూడిద కవర్ విడిగా తీసుకోవాలా?

మన ఫారెక్స్ కార్డు సిబ్బంది లేని బంకుల్లో పనిచేస్తుందా?