డ్రైవర్ క్యాబిన్ నుంచి చూడటమే అసలైన రైలు ప్రయాణమా?

ముందుచూపు:
కొండల్లో నడిచే రైలు మార్గాలను ఇంజిన్ ముందు అద్దం నుంచి, మొదటి స్టేషన్ మొదలుకొని చివరి స్టేషన్ దాకా తీసిన వీడియోలు చాలాకాలంగా చూస్తున్నాను. నార్వేలో బెర్గెన్ లైను, స్విట్జర్లాండ్‌లో బెర్నినా లైను, ఇలాంటివి. నా వాదన ఇది: పక్క కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లకు దక్కేది సగం ప్రయాణమే. కొండ పక్కకు వచ్చేశాక గానీ అది వాళ్లకు కనిపించదు. దారి ఎటు తిరగబోతోంది, లోయను ఎలా దాటబోతోంది, పట్టాలు వేసినవాళ్లు కొండకు ఎక్కడ లొంగారు, ఎక్కడ తొలిచారు, ఇవన్నీ ముందు నుంచి చూస్తేనే అర్థమవుతాయి. పనిలో పని, సొరంగాలు కత్తిరించి వీడియోలు పెట్టేవాళ్లు చేసేది మోసం. కాదనేవాళ్లు చెప్పండి.

కిటికీవాసి:
కాదంటున్నాను. బెర్గెన్ లైనులో 182 సొరంగాలున్నాయి. ఫిన్సే సొరంగం ఒక్కటే పది కిలోమీటర్లు దాటుతుంది. అంతసేపు నల్లటి తెర చూపించకపోతే మోసమా?

ఇక ముందు అద్దం గొప్పతనం సంగతి. స్విట్జర్లాండ్‌లోనే ఆల్బులా లైను మీద ల్యాండ్‌వాసర్ వంతెన ఉంది. 65 మీటర్ల ఎత్తు, ఆరు కమానులు, వంపు మీద కట్టారు. వంపు కాబట్టి వెనక పెట్టెల్లో ఉన్నవాళ్లకు తమ రైలే ఆ కమానుల మీద నడుస్తూ కనిపిస్తుంది. ఇంజిన్‌లో ఉన్న మనిషికి ఏం కనిపిస్తుంది? రెండు పట్టాలు, ఎదురుగా రాతిగోడ. వంతెన ఆయన కాళ్ల కింద ఉంటుంది. బెర్నినా లైను మీద బ్రూసియో దగ్గరి సుడివంతెన కథా అంతే.

నిశాచరి:
నా ఓటు ముందు అద్దానికే. పది నిమిషాల్లో నిద్ర పడుతుంది.

ముందుచూపు:
కిటికీవాసి గారూ, బ్రూసియో పేరు ఎత్తి మీ వాదనను మీరే ఓడించుకున్నారు. అక్కడ దారి ఒక చుట్టు చుట్టి, తొమ్మిది కమానుల్లో ఒకదాని కిందుగా దూరి వెళుతుంది. దిగే రైలులో ఆ కమాను మనకు ఎదురుగా వస్తుంది. కాసేపటి క్రితం దాని పైన ఉన్నామని అప్పుడు తెలుస్తుంది. పక్క కిటికీలో అది ఒక్క క్షణం నీడ, అంతే.

ల్యాండ్‌వాసర్ దగ్గరా నాకు కావలసింది మీరు ఎగతాళి చేసిన ఆ రాతిగోడే. నిట్టనిలువు కొండ, దానిలో సొరంగం నోరు, తిన్నగా అందులోకి వంతెన. ముందు నుంచి చూడాలన్న కోరిక నా ఒక్కరిదే కాదు. ఇటలీలో 1950లలో సెత్తెబెల్లో అనే రైలు నడిచేది. డ్రైవర్‌ను పైకప్పు మీది చిన్న గదిలో కూర్చోబెట్టి, ముందు భాగమంతా ప్రయాణికులకు వదిలేశారు. జపాన్‌లో ఒడాక్యూ సంస్థ 1963లో రొమాన్స్ కార్ రైలుకు అదే పద్ధతి తెచ్చింది. ముందు నుంచి చూస్తే ఏమీ లేకపోతే అంత తిప్పలు ఎందుకు పడ్డారు?

లెన్సుమనిషి:
ఒక చిన్న విషయం. ఈ వీడియోలు ఎక్కువగా వైడ్ యాంగిల్ లెన్సుతో తీస్తారు. దూరపు కొండలు కుంచించుకుపోతాయి, పట్టాల పక్క కంకర మాత్రం మీద పడుతున్నట్టు పరుగెడుతుంది. ఎగువ వాలు కూడా తెలియదు. బెర్నినా లైను కొన్నిచోట్ల వెయ్యి మీటర్లకు 70 మీటర్లు ఎక్కుతుంది, అదీ ఇంజిన్ పళ్లచక్రం పట్టు దొరికించుకునే పళ్ల పట్టా సాయం లేకుండా. కెమెరా కూడా బండితోపాటే వాలుతుంది కాబట్టి తెర మీద అది చదునైన నేల. మీరు చూస్తున్నది లెన్సు చూపిన కొండ.

కిటికీవాసి:
లెన్సుమనిషి గారి మాటతో నా వాదన బలపడింది. ఇంకొకటి గుర్తు చేస్తాను. నార్వే ప్రభుత్వ టీవీ ఎన్‌ఆర్‌కే 2009లో బెర్గెన్ లైను ప్రయాణాన్ని మొత్తం, ఏడు గంటలకు పైగా, ప్రసారం చేసింది. సొరంగం వచ్చినప్పుడు వాళ్లేం చేశారు? పాత చిత్రాలు, మాటామంతీ వేశారు. పక్కకు చూసే కెమెరాలు కూడా పెట్టారు. మీరు ఆరాధించే కార్యక్రమం కూడా చీకటిని భరించలేకపోయింది.

ముందుచూపు:
వాళ్లు కత్తిరించలేదు! చీకటి ఎంతసేపు ఉందో అంతసేపూ గడియారం నడిచింది. తెర మీద వేరే బొమ్మ వేయడం వేరు, పది నిమిషాలు మాయం చేయడం వేరు. ఈ తేడా తెలియకుండా వాదిస్తే ఎలా?

కిటికీవాసి:
చీకటి చూడలేదు కదా? అంతే.

సందేహి:
అసలు ఇవి ఎవరు తీస్తున్నారు? విధుల్లో ఉన్న డ్రైవరా? 2008లో అమెరికాలోని చాట్స్‌వర్త్‌లో డ్రైవర్ ఫోనులో సందేశాలు పంపుతూ ఎర్ర సిగ్నల్ దాటితే 25 మంది చనిపోయారు. క్యాబిన్‌లో వినోదం ఎందుకండీ?

లెన్సుమనిషి:
అద్దానికి బిగించిన కెమెరా వేరు, చేతిలో ఫోను వేరు. కలపకండి.

పాతలోకో:
నేను ఏళ్ల తరబడి కొండ దారిలో ఇంజిన్ నడిపి రిటైరయ్యాను. మీరు చెబుతున్న దృశ్యం ఏదీ నేను చూడలేదు.

ముందుచూపు:
అది మీ ఆసక్తికి సంబంధించిన విషయం, సర్. చూసే డ్రైవర్లు ఉంటారు.

పాతలోకో:
ఆసక్తా? అయితే వివరంగానే చెబుతాను.

ఒక దారిని మీరు అందమైనదని ఎందుకంటారు? మలుపులుంటాయి, పక్కన లోయ ఉంటుంది, కొండ చరియ ఉంటుంది, మంచు, పొగమంచు ఉంటాయి. ఇవన్నీ నడిపేవాడికి ఎలా కనిపిస్తాయో చెబుతాను. మలుపు అంటే అవతల ఏముందో తెలియదు. చరియ అంటే రాత్రి వాన పడితే పొద్దున పట్టాల మీద బండరాయి ఉండవచ్చు. పొగమంచు అంటే సిగ్నల్ దగ్గరికి వచ్చేదాకా దాని రంగు తెలియదు. దిగుడు వాలు అంటే బ్రేకు ఎంత పట్టింది, ఇంకా ఎంత మిగిలింది అన్న లెక్క తప్ప బుర్రలో వేరే ఏమీ ఉండదు. బరువైన బండి ఆగాలంటే కిలోమీటరు కూడా చాలకపోవచ్చు. మధ్యమధ్యలో మేలుకొనే ఉన్నానని పెడల్ నొక్కి నిరూపించుకోవాలి, లేకుంటే బ్రేకులు వాటంతట అవే పడతాయి.

మీరు కత్తిరించాలా వద్దా అని కొట్టుకుంటున్న సొరంగమే మాకు కాస్త తెరిపి. లోపల గేటు ఉండదు, పశువు అడ్డం రాదు, ఎండ కళ్లలో పడదు. బయటపడేటప్పుడు వెలుగుకు కళ్లు చెదిరే ఆ కొద్ది క్షణాలే ఇబ్బంది.

జీతాల సంగతి మాట్లాడటానికి వెళితే ఒక పెద్ద అధికారి నవ్వుతూ అన్నాడు: "రోజూ ఉచితంగా కొండలు చూస్తున్నారు కదా, ఇంకేం కావాలి?" ఈ వీడియోల కింద "కలల ఉద్యోగం" అని రాసేవాళ్లను చూసినప్పుడల్లా ఆ నవ్వే గుర్తొస్తుంది.

కిటికీవాసి:
అందుకే పక్క కిటికీ. నేను మొదటి నుంచీ ఇదే అంటున్నాను.

పాతలోకో:
మీరు అన్నది వేరు, నేను అన్నది వేరు.

ముందుచూపు:
మీ అధికారి అన్న మాటకు నేను జవాబుదారీ కాదు. నేను ఎవరి జీతమూ తగ్గించలేదు. అలసట మీ ఒక్కరికే ఉన్నట్టు మాట్లాడుతున్నారు. అత్యవసర ఫోన్లు అందుకుని ఏ అంబులెన్సును ఎటు పంపాలో నిర్ణయించే ఉద్యోగం నాది. రెండు చోట్ల నుంచి ఒకేసారి ఫోను వస్తే ఎవరికి ముందు పంపాలో నేనే చెప్పాలి. ఇంటికి వచ్చి ఈ వీడియో ఎందుకు పెడతానో తెలుసా? దారి దానంతట అదే ముందుకు వస్తుంది. ఎటు తిరగాలో పట్టాలు ఎప్పుడో నిర్ణయించేశాయి. నా చేతిలో ఏమీ లేదు. సొరంగం కత్తిరిస్తే నాకు కోపం రావడం కూడా ఇందుకే. ఎవరో మధ్యలో దూరి తొందర పెట్టినట్టు ఉంటుంది.

పాతలోకో:
పట్టాలు నిర్ణయించేస్తాయి అనుకోవడమే చిక్కు. ఎటు వెళ్లాలో అవి చెబుతాయి. ఎంత వేగంతో, ఎక్కడ ఆగాలో చెప్పవు. మీకు ఆ సీటు కావాలి, దాని భారం వద్దు. భారం తీసేస్తే ఆ సీటులో మిగిలేది ఏమిటో నాకు నిజంగా అర్థం కావడం లేదు.

ముందుచూపు:
దృశ్యం మిగులుతుంది. మీకు దక్కనిది.

నిశాచరి:
అంత మాట అక్కరలేదేమో.

ముందుచూపు:
సరే, కటువుగానే వచ్చింది. కానీ మాట వెనక్కి తీసుకోను. ఆయనకు దక్కనిది నాకు దక్కుతోందని నన్ను నేరస్థురాలిని చేస్తే ఒప్పుకోను.

కిటికీవాసి:
ఈ గొడవలో నా మాట ఎవరూ వినడం లేదు. విశాలమైన అద్దాల పెట్టెలో ఎక్కువ డబ్బు పెట్టి కూర్చుంటే నా ముఖమే అద్దంలో ప్రతిఫలించి ఒక్క ఫోటో సరిగా రాలేదు. అద్దం దించుకునే పాత కిటికీకి సాటి లేదు. ముందు అద్దం ఎవరూ దించలేరు, గాలి రాదు, వాసన రాదు.

లెన్సుమనిషి:
అద్దానికి నల్లగుడ్డ అడ్డం పెట్టి తీయండి, ప్రతిబింబం పోతుంది. పాతలోకో గారూ, బెర్నినా మీద ఆల్ప్ గ్రూమ్ 2091 మీటర్ల ఎత్తులో ఉంటే పోస్కియావో 1014 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ దిగుడు వీడియోలో మీరైతే ఏం చూస్తారు?

పాతలోకో:
వేగం ముల్లు కనిపిస్తే దాన్ని. కనిపించకపోతే వీడియో ఆపేస్తాను.

లెన్సుమనిషి:
మీ రోజుల్లో క్యాబిన్‌లో కెమెరా పెట్టనిచ్చేవారా?

పాతలోకో:
అప్పుడు లేదు. ఇప్పుడు చాలా రైల్వేలలో వాళ్లే పెడుతున్నారు. ఒకటి పట్టాల వైపు, ఒకటి డ్రైవర్ ముఖం వైపు. మీరు చూస్తున్నవన్నీ మొదటి రకం.

ముందుచూపు:
రెండోది ఎవరైనా పెడితే చూస్తాను. ఎగతాళికి అనడం లేదు. మొత్తం చూస్తాను, సొరంగాలతో సహా.

పాతలోకో:
మీరు చూస్తారేమో. యూనియన్ ఒప్పుకోదు.