పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) ఆఫీసులో ఇన్వెస్టిగేటర్ ఉద్యోగం నిజంగా ఉందా?

మలక్‌పేట లా స్టూడెంట్

నమస్తే అండీ. బీఎస్సీ అయ్యాక ఎల్ఎల్‌బీలో చేరాను, ఇప్పుడు చివరి సంవత్సరం. కాస్త పెద్ద ప్రశ్న, ఓపిగ్గా చదవండి.

నాలుగేళ్ళ కిందట మా పిన్ని పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం బయటికొస్తే బైక్ మీద వచ్చిన ఇద్దరు మెడలో పుస్తెల తాడు తెంపుకెళ్ళారు. పోలీసులు పది రోజుల్లో పట్టుకున్నారు, తాడు కూడా దొరికింది. అయినా పోయిన ఏడాది కోర్టు కేసు కొట్టేసింది. దొరికిన తాడుకి రాసిన రికవరీ పంచనామా మీద సాక్షులుగా సంతకం చేసిన ఇద్దరు పంచులూ బోనెక్కి, మాకేం తెలీదు, స్టేషన్‌కి పిలిచి సంతకం పెట్టమంటే పెట్టాం అన్నారు. సీసీటీవీ ఫుటేజీ ఉంది కానీ దానితో పాటు పెట్టాల్సిన సర్టిఫికెట్ ఫైల్లో లేదు. ప్రభుత్వం తరఫున వాదించే పీపీ గారు మంచాయనే, మా పిన్నితో ‘నా చేతికి ఈ కాగితాలే వచ్చాయమ్మా’ అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. అంటే కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఆయన తరఫున ముందే వెళ్ళి చూసే మనిషి ఒక్కరూ లేరా?

కాలిఫోర్నియాలో ఉండే మా అన్నయ్య అక్కడ ప్రాసిక్యూటర్ ఆఫీసుకి సొంత ఇన్వెస్టిగేటర్లు ఉంటారని చెప్పాడు. నాకు కావాల్సింది సరిగ్గా అదే పని. ఇక్కడ ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు ‘పబ్లిక్ ప్రాసిక్యూషన్ ఇన్వెస్టిగేటర్’ అని 6 నెలల డిప్లొమా, ఫీజు 60 వేలు, అయిపోగానే పీపీ ఆఫీసులో పోస్టింగ్ అంటున్నారు. అమ్మ చీటీ ఎత్తి కడతానంటోంది. కట్టొచ్చా? హైదరాబాద్‌లో అలాంటి పోస్టు ఉందా?

నాంపల్లి ఏపీపీ

నేను ఏపీపీని, అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని. ముందు ఆ 60 వేలు కట్టకండి, ఈరోజే అమ్మగారికి చెప్పండి. తెలంగాణలో పీపీ ఆఫీసుకి ఇన్వెస్టిగేటర్ అనే పోస్టే లేదు. లేని పోస్టుకి డిప్లొమా ఎవరిచ్చినా అది పనికొచ్చే కాగితం కాదు.

ఎందుకు లేదో కూడా చెప్తాను, లా చదువుతున్నారు కాబట్టి మీకు ఉపయోగం. ఒకప్పుడు మేజిస్ట్రేట్ కోర్టుల్లో పోలీసు శాఖ వాళ్ళే ప్రాసిక్యూషన్ నడిపేవాళ్ళు. పట్టుకున్నవాళ్ళే వాదిస్తే న్యాయం ఒకవైపే చూస్తుందని లా కమిషన్ 1958లోనే అంది, 1973లో నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ వచ్చాక రెండూ విడిపోయాయి. దర్యాప్తు పోలీసులది, కోర్టులో కేసు నడపడం మాది. 2000లో సుప్రీంకోర్టు ఆర్. సరళ కేసులో దీన్ని గట్టిగానే చెప్పింది. అందులో మద్రాసు హైకోర్టు, ఐఓ (దర్యాప్తు చేసే పోలీసు అధికారి) తన కాగితాలన్నీ పీపీ ముందు పెట్టి, ఆయన అభిప్రాయం తీసుకుని ఛార్జ్‌షీట్ మళ్ళీ వేయమంది. సుప్రీంకోర్టు అది కుదరదంది. ఎవరి మీద ఛార్జ్‌షీట్ వేయాలో తేల్చుకోవాల్సింది ఐఓనే, పీపీ పని కోర్టులో మొదలవుతుంది అని. నాకు ఇది సరైన తీర్పే అనిపిస్తుంది. దర్యాప్తులో నేనే చెయ్యి పెడితే రేపు ముద్దాయికి అనుకూలమైన సాక్ష్యం కనిపించినా నా కళ్ళు దాన్ని చూడవు.

అయితే మీ పిన్నిగారి కేసులో జరిగింది కూడా నిజమే, అలాంటి ఫైళ్ళు మా టేబుల్ మీదికి వస్తూనే ఉంటాయి. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 20 తీసి చదవండి. 7 ఏళ్ళ నుంచి 10 ఏళ్ళ లోపు శిక్ష పడే కేసుల్లో పోలీసు రిపోర్టుని డిప్యూటీ డైరెక్టర్ ఆఫ్ ప్రాసిక్యూషన్ పరిశీలించాలి, 10 ఏళ్ళు ఆపైన ఉన్నవాటిని డైరెక్టర్ చూసుకోవాలి. అంటే మీరు అడుగుతున్న ‘ముందే చూసే మనిషి’కి చట్టంలో ఒక కుర్చీ ఉంది, కానీ ఆ కుర్చీలో కూర్చునేది లాయరు. డిప్యూటీ డైరెక్టర్ కావాలంటే 15 ఏళ్ళ ప్రాక్టీసు ఉండాలి, లేదా సెషన్స్ జడ్జిగా చేసి ఉండాలి.

ఈ వైపు రావాలనుకుంటే మొదటి మెట్టు ఏపీపీ. పోలీస్ రిక్రూట్‌మెంట్ బోర్డే పరీక్ష పెడుతుంది. 2025లో 118 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు, క్రిమినల్ కోర్టుల్లో 3 ఏళ్ళ ప్రాక్టీసు అడిగారు. కాబట్టి లాయరుగా ఎన్‌రోల్ అవ్వగానే ఎవరైనా సీనియర్ దగ్గర చేరి ట్రయల్ పని చేయండి.

రిటైర్డ్ సీఐ

ఏపీపీ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంకో వైపు నుంచి చెప్తా.

అమ్మా, నీకు కావాల్సింది ఇన్వెస్టిగేషన్ అయితే నువ్వు ఐఓ అవ్వాలి, దానికి దారి ఎస్సై పరీక్ష. ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఆడపిల్లలకి ఎత్తు 152.5 సెంటీమీటర్లు ఉండాలి, పోయినసారి 2022 నోటిఫికేషన్లో 800 మీటర్ల పరుగు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి, లాంగ్ జంప్, షాట్‌పుట్ ఉన్నాయి. కేంద్రం వైపు అయితే కేంద్ర ఉద్యోగాల పరీక్ష ఎస్ఎస్‌సీ సీజీఎల్ రాసి సీబీఐలో ఎస్సైగా వెళ్ళొచ్చు, ఉగ్రవాద కేసులు చూసే ఎన్ఐఏలో కూడా. సీబీఐలో ఐఓలూ, సొంత ప్రాసిక్యూషన్ విభాగమూ ఒకే సంస్థలో ఉంటాయి కాబట్టి నువ్వు అనుకున్నదానికి మన దేశంలో దగ్గరగా ఉండేది అదే అనుకుంటా.

లోపల ఎలా ఉంటుందో కూడా విను. స్టేషన్‌లో ఎస్సై చేతిలో ఒకేసారి ఎన్ని కేసులుంటాయో బయటివాళ్ళకి తెలీదు. బోనాలు, గణేశ్ నిమజ్జనం, ఎన్నికలు, వీఐపీ రూటు, అన్నిటికీ మనమే. నిమజ్జనం బందోబస్తులో రెండు రోజులు ట్యాంక్‌బండ్ మీద నిలబడి స్టేషన్‌కి వస్తే టేబుల్ మీద ముద్దాయి జైల్లో ఉన్న రిమాండ్ కేసు ఉంటుంది, 60 రోజుల్లో ఛార్జ్‌షీట్ పడకపోతే ముద్దాయికి బెయిల్ హక్కుగా వచ్చేస్తుంది, పెద్ద నేరాలకైతే 90 రోజులు. ఆ హడావిడిలోనే పంచనామాలు పాడవుతాయి. శాంతిభద్రతలు వేరు, దర్యాప్తు వేరు చేయండి అని సుప్రీంకోర్టు 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పింది. ఆ మాట స్టేషన్ స్థాయిలో అమలవడం నా సర్వీసులో నేను చూడలేదు, అది నా మనసులో ఉన్న బాధ.

మీ పిన్ని కేసులో పంచుల గురించి అన్నావు కదా. స్టేషన్ పక్కనే టీ కొట్టువాడినో, ఆటో డ్రైవర్‌నో పిలిచి సంతకం పెట్టిస్తే వాడు కోర్టులో ఎందుకు నిలబడతాడు? నేను కొత్తలో ఆ తప్పు చేశాను, రెండు కేసులు పోయాయి. తర్వాత నుంచి రికవరీకి వెళ్ళేటప్పుడే ఇద్దరు చదువుకున్నవాళ్ళని, వీలైతే ప్రభుత్వ ఉద్యోగుల్ని వెంట తీసుకెళ్ళేవాణ్ణి. అక్కడే కూర్చుని రాసి, చదివి వినిపించి, అప్పుడు సంతకం. గంట ఎక్కువ పడుతుంది, కానీ మూడేళ్ళ తర్వాత డిఫెన్స్ లాయర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ గంటే నిన్ను కాపాడుతుంది. ఇప్పుడు సోదా మొత్తం వీడియో తీయాలని బీఎన్ఎస్ఎస్ 105 చెప్తోంది, చాలా మంచి మార్పు.

శాన్ హోసే నుంచి

మాది వనస్థలిపురం, ఇక్కడ కోర్టుల్లో తెలుగు దుబాసీగా పనిచేస్తుంటాను కాబట్టి డిస్ట్రిక్ట్ అటార్నీ ఇన్వెస్టిగేటర్లని దగ్గర నుంచి చూశాను. మీ అన్నయ్య చెప్పింది నిజమే. ఇక్కడ ప్రతి కౌంటీకి (మన జిల్లా లాంటిది) ఒక డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే ప్రధాన ప్రాసిక్యూటర్ ఉంటారు, జనం ఓటేసి ఎన్నుకుంటారు. ఆ ఆఫీసు ఇన్వెస్టిగేటర్లకి కాలిఫోర్నియా పీనల్ కోడ్ 830.1 కింద పోలీసులకి ఉన్నట్టే అధికారాలు ఉంటాయి, తుపాకీ, బ్యాడ్జీ, అరెస్టు చేసే హక్కు అన్నీ.

వాళ్ళు చేసే పని ఎక్కువగా పోలీసులు కేసు ఇచ్చేశాక మొదలవుతుంది. ఇల్లు మారిపోయిన సాక్షిని వెతికి పట్టుకోవడం, సమన్లు ఇవ్వడం, పోలీసు రిపోర్టులో అడగని ప్రశ్న మళ్ళీ వెళ్ళి అడగడం, భయపడే బాధితురాలిని కోర్టుకి తీసుకురావడం. ఒకసారి గుంటూరు వైపు పెద్దావిడ, కోడలి కేసులో సాక్షి, హాలు బయట బెంచీ మీద వణికిపోతుంటే ఆ ఇన్వెస్టిగేటర్ నా ద్వారా అరగంట ఆమె ఊరి గురించే మాట్లాడాడు, కేసు ఊసే ఎత్తలేదు. ఆమె లోపలికెళ్ళి స్పష్టంగా చెప్పింది. ఇవి కాకుండా ఇన్సూరెన్స్ మోసాలు, అధికారుల అవినీతి లాంటివి వాళ్ళే మొదటి నుంచీ దర్యాప్తు చేస్తారు.

కానీ చదువవగానే నేరుగా ఇచ్చే ఉద్యోగం కాదు ఇది. చాలా ఆఫీసులు ముందే పోలీసుగానో షెరిఫ్ దగ్గరో కొన్నేళ్ళు చేసినవాళ్ళని తీసుకుంటాయి. పాత జీవితమంతా తవ్వి చూస్తారు, మానసిక పరీక్ష ఉంటుంది. పౌరసత్వం తప్పనిసరి అనే నిబంధనని కాలిఫోర్నియా 2023 జనవరి నుంచి తీసేసింది, ఇక్కడ పనిచేయడానికి చట్టబద్ధమైన అనుమతి ఉంటే చాలు. అయినా ఈ ఉద్యోగం కోసమే అక్కడి నుంచి బయల్దేరి రావడం మాత్రం కుదిరే పని కాదు చెల్లీ.

మలక్‌పేట లా స్టూడెంట్

అందరికీ చాలా థాంక్స్. డబ్బు కట్టట్లేదు, అమ్మకి చెప్పేశాను. కోచింగ్ సెంటర్‌కి ఫోన్ చేసి పోస్టు నోటిఫికేషన్ నంబర్ అడిగితే ఫోన్ పెట్టేశారు.

ఒక సందేహం. ఆ సీసీటీవీ సర్టిఫికెట్ విషయం ఐఓ చూసుకోవాలా, ఏపీపీ గారా? ఇంకోటి, ఎస్సైకి, ఏపీపీకి రెండిటికీ ప్రిపేర్ అవ్వడం తెలివితక్కువా?

నాంపల్లి ఏపీపీ

సర్టిఫికెట్ తేవాల్సింది ఐఓ, అది లేదని గమనించి రాసి పంపాల్సింది మేము. ఇద్దరిలో ఎవరు ఏమరినా మీ పిన్నిగారిలాంటి వాళ్ళే నష్టపోతారు. అప్పట్లో అది ఎవిడెన్స్ యాక్ట్ 65బీ, ఇప్పుడు దాని బదులు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63. కొత్త ఫారంలో రెండు భాగాలున్నాయి, ఒకటి పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్ళు ఇవ్వాలి, రెండోది నిపుణుడు, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ కూడా రాయాలి. ఇది నేర్చుకుంటే ఏ వైపు వెళ్ళినా మీకు పనికొస్తుంది.

రెండూ రాయండి, తప్పేం లేదు. ఏపీపీకి ఎలాగూ 3 ఏళ్ళ ప్రాక్టీసు కావాలి, ఆ లోపు ఎస్సై నోటిఫికేషన్ వస్తే రాయొచ్చు. ఈలోగా భరోసా సెంటర్ గురించి కూడా తెలుసుకోండి. హాకా భవన్‌లో 2016లో మొదలైంది. ఆడవాళ్ళకీ పిల్లలకీ పోలీసు, వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సాయం ఒకే కప్పు కింద. దర్యాప్తూ, కోర్టు పనీ ఎలా కలిసి నడవాలో అక్కడ అర్థమవుతుంది.

రిటైర్డ్ సీఐ

సెలవు దొరికిన రోజు నాంపల్లి కోర్టుకెళ్ళి వెనక బెంచీలో కూర్చో, ఐఓని క్రాస్ చేస్తున్నప్పుడు డిఫెన్స్ లాయర్ ఏ కాగితం పట్టుకుని అడుగుతున్నాడో రాసుకో.

పరుగు సంగతి, మొదటి రెండు వారాలు పరుగెత్తకమ్మా, సరూర్‌నగర్ స్టేడియం దగ్గరే కదా మీకు, వేగంగా నడువు. షూ మంచిది కొనుక్కో. ఆ 60 వేలల్లో 3 వేలు దానికి పెట్టు.