‘ది ప్రిజనర్’ మళ్లీ చూడాలనుకుంటున్నా: ఏ వరుసలో చూడమంటారు?

1967లో బ్రిటన్‌లో మొదలైన ‘ది ప్రిజనర్’ సీరియల్ 17 ఎపిసోడ్లూ ఈమధ్యే పూర్తి చేశాను. అప్పటినుంచీ అది నన్ను వదలడం లేదు. మా ఇంట్లో ఎవరూ చూడలేదు, అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

నటుడు ప్యాట్రిక్ మెగూహన్ వేసిన గూఢచారి పాత్ర రాజీనామా చేయగానే మత్తిచ్చి ఒక ఊరికి చేరుస్తారు. అక్కడ పేర్లు లేవు, నంబర్లే. ఇతను ఆరో నంబరు. జైలంటే చీకటి గదులు గుర్తొస్తాయి కదా! ఇక్కడ రంగురంగుల ఇళ్లు, పూలతోటలు, బ్యాండు మేళం. వేల్స్‌లోని పోర్ట్‌మీరియన్‌లో తీశారు. అంత అందమైన చోటు కాబట్టే నాకు ఇంకా భయమేసింది. పారిపోబోతే పెద్ద తెల్ల బెలూన్ తరుముతుంది. ఆ ఊరిని నడిపే రెండో నంబరు కుర్చీలో మనుషులు మారుతుంటారు, ప్రశ్న మాత్రం అదే: ఎందుకు రాజీనామా చేశావు?

నేను ప్రసారమైన వరుసలోనే చూశాను. కానీ ఎనిమిదోదైన ‘డాన్స్ ఆఫ్ ద డెడ్’లో అతను తాను కొత్తగా వచ్చానంటాడు! దాన్ని ముందుకు జరిపి చూసినవాళ్లున్నారా? కథ అప్పుడు బాగా అతుకుతుందా?

ఇంకోటి, చివరి ఎపిసోడ్ చూడనివాళ్లు ఇక్కడే ఆగండి. అందరికీ పైనుండే ఒకటో నంబరు ముసుగు లాగితే కనిపించేది ఆరో నంబరు ముఖమే. తర్వాత లండన్‌లో అతని ఇంటి తలుపు, ఆ ఊళ్లో తలుపుల్లాగే, తనంతట తానే తెరుచుకుంటుంది. అంటే అతను బయటపడనట్టేనా? మీరెలా అర్థం చేసుకున్నారో కాస్త వివరంగా చెప్పండి.